హత్యలు అరుదైన దేశంలో డిటెక్టివ్



ఒక పుట్టినరోజు వేడుక. ఇంటినిండా పిల్లలు, గోల. నేలమీద కూర్చున్న పసిపాప చేతిలో ఏదో ముక్క పట్టుకుని చిగుళ్లతో నములుతోంది. అక్కడికి వచ్చిన ఒక వైద్య విద్యార్థి కళ్లు దానిమీద పడ్డాయి. దగ్గరికి వెళ్లి ఆ ముక్కను పాప చేతిలోంచి తీసుకుని చూశాడు. మనిషి పక్కటెముక.

ఆ ఎముక దగ్గర్లోనే కొత్త ఇంటికోసం తవ్విన పునాది గోతిలోంచి వచ్చింది. ఆటకు వెళ్లిన పిల్లవాడు రాయి అనుకుని తెచ్చుకున్నాడు. ఊరు ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్. నవల పేరు ఇంగ్లీషులో ‘సైలెన్స్ ఆఫ్ ది గ్రేవ్’. ఐస్‌లాండ్ వాళ్ల భాషలో 2001లో వచ్చింది. రచయిత ఆర్నల్దుర్ ఇంద్రిదసోన్. అక్కడ చాలామందికి మనలాగా ఇంటిపేర్లుండవు. ఆ రెండో మాట తండ్రి పేరునుబట్టి వచ్చింది. టెలిఫోన్ డైరెక్టరీలో కూడా సొంత పేరుతోనే వెతుక్కుంటారు. కాబట్టి నేనూ ఆయన్ని ఆర్నల్దుర్ అనే పిలుస్తాను.

సరే, ఎముక దొరికింది, పోలీసులొచ్చారు. డిటెక్టివ్ నవలలు చదివి పెరిగినవాళ్లం, ఇక పరుగు మొదలవుతుందని ఎదురుచూస్తాం. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ అయితే ఈపాటికి అసిస్టెంట్ రాజును ఒకవైపు పంపి, తాను ఇంకోవైపు బయల్దేరి ఉండేవాడు. ఇక్కడ ఇన్‌స్పెక్టర్ ఎర్లెందుర్ గోతి అంచున నిలబడి, పురావస్తు శాస్త్రవేత్తల్ని పిలిపిస్తాడు. వాళ్లు చిన్న చిన్న తాపీలూ బ్రష్షులూ పట్టుకుని పొరలు పొరలుగా మట్టి తీస్తారు. తొందరపెడితే వినరు. ఆ అస్థిపంజరం ఎవరిదో తేలకుండానే రోజులు గడుస్తాయి. ఈలోగా నవలలోని రెండో పాయలో, రెండో ప్రపంచయుద్ధం నాటి కథ నడుస్తుంటుంది. అదే గుట్టమీద ఒక చిన్న ఇంట్లో, మొగుడి చేతిలో చావుదెబ్బలు తింటూ పిల్లల్ని సాకుతున్న ఒక ఇల్లాలి కథ అది. గోతిలో ఉన్నది ఆమేనేమో అన్న భయం చదువుతున్నంతసేపూ వదలదు. చంపిందెవరు అన్నది తర్వాత. చచ్చిపోయిందెవరు అన్నదే తెలియదు.

ఈ తిరగేసిన ప్రశ్న ఆర్నల్దుర్‌కు ఎక్కడ దొరికిందా అని చాలాకాలం ఆలోచించాను. నాకు తోచిన జవాబు మీ ముందుపెడతాను.

2000 సంవత్సరం నాటికి ఐస్‌లాండ్ జనాభా సుమారు 2,80,000. మన దగ్గర అది ఒక మాదిరి పట్టణం. అప్పట్లో ఆ దేశం మొత్తంమీద ఏడాదికి జరిగే హత్యలు ఒకటో రెండో. ఒక్కటీ లేని ఏళ్లు కూడా ఉన్నాయి. జరిగినవి కూడా ఎక్కువగా తాగిన మైకంలో, తెలిసినవాళ్ల మధ్య జరిగేవే. దాచడానికి తెలివితేటలేమీ ఖర్చుపెట్టరు, దాంతో సాయంత్రానికల్లా కేసు తేలిపోతుంది. ఇలాంటి చోట డిటెక్టివ్ నవల ఏమిటి, ఎవరు నమ్ముతారు అని అక్కడి సాహిత్యలోకం చాలాకాలం తేలిగ్గా తీసిపారేసింది. ఆర్నల్దుర్ తండ్రి ఇంద్రిది పేరున్న నవలాకారుడు. కొడుకు పత్రికలో పనిచేశాడు, సినిమా సమీక్షలు రాశాడు, 1997లో మొదటి అపరాధ పరిశోధక నవల అచ్చువేయించాడు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2000లో ఇంగ్లీషులో ‘జార్ సిటీ’ అన్న పేరుతో తెలిసిన నవల వచ్చాక మాత్రం దేశం దేశమే చదివింది. ఆ నవలకూ, మరుసటేడు వచ్చిన ‘సైలెన్స్ ఆఫ్ ది గ్రేవ్’కూ వరసగా రెండేళ్లు ఉత్తర ఐరోపా దేశాల ‘గ్లాస్ కీ’ బహుమతి ఇచ్చారు. ‘సైలెన్స్’ ఇంగ్లీషు అనువాదానికి 2005లో బ్రిటన్‌లో ‘గోల్డ్ డాగర్’ కూడా వచ్చింది. ఆ తర్వాత ఆ బహుమతిని ఇంగ్లీషులో రాసినవాళ్లకే పరిమితం చేసి, అనువాదాలకు వేరే బహుమతి పెట్టారు. బయటివాడు వచ్చి పందెం గెలిస్తే పందెం నియమాలు మారడం లోకమంతటా ఉన్నదే.

తన గురువులుగా ఆర్నల్దుర్ చెప్పుకునేది స్వీడన్ జంట మాయ్ షోవల్, పేర్ వాలూలను. వాళ్లు 1965 నుంచి 1975 వరకు పది నవలలు రాశారు. అలసిపోయిన పోలీసు అధికారి, చెడిన కాపురం, సమాజం మీద విమర్శ ఇవన్నీ వాళ్ల నుంచి వచ్చినవే. ఎర్లెందుర్ కూడా యాభయ్యేళ్లవాడు, ఎప్పుడో విడాకులైనవాడు, మత్తుమందులకు బానిసైన కూతురున్నవాడు. ఇంతవరకూ అరువే. అయితే ఈ ఎర్లెందుర్ ఇంటికెళ్లి రాత్రిళ్లు ఏం చదువుతాడో చూడండి, అక్కడుంది అసలు సంగతి.

అతను మంచుతుపానుల్లో చిక్కి చచ్చిపోయినవాళ్ల కథలు చదువుతాడు.

ఇది రచయిత కల్పించిన పిచ్చి అనుకోకండి. ఐస్‌లాండ్‌లో అలాంటి పుస్తకాలు నిజంగానే ఉన్నాయి. సంపుటాల కొద్దీ ఉన్నాయి. ఫలానా సంవత్సరం ఫలానా తేదీన ఫలానా రైతు పొద్దున్నే బయల్దేరాడు, ఆకాశం తేటగానే ఉంది, మధ్యాహ్నానికి గాలి తిరిగింది, ఫలానా గుట్టదాకా అడుగుజాడలు కనిపించాయి, ఆ తర్వాత లేవు. ఊళ్లవాళ్లు చెప్పుకున్నవి, బంధువులు గుర్తుపెట్టుకున్నవి సేకరించి, పొడిపొడి మాటల్లో రాసిపెట్టిన వృత్తాంతాలు. ఆ దేశంలో మనుషులు తీరం వెంబడి లోయల్లో ఉంటారు. ఒక లోయకూ ఇంకో లోయకూ మధ్య చెట్టన్నది లేని ఎత్తయిన మెట్టభూములు. ఉప్పు, పప్పు కొనాలన్నా, తప్పిపోయిన గొర్రెను వెతకాలన్నా, పక్క ఊళ్లో ఉన్న తల్లిని చూడాలన్నా ఆ మెట్ట దాటాలి. దేశం చుట్టూ తిరిగే రహదారి పూర్తయింది 1974లోనే. అంతకుముందు చాలాచోట్ల కాలినడక, గుర్రం, లేకపోతే పడవ.

అంటే హత్యలు లేవుగానీ మాయమైపోవడాలు కావలసినన్ని ఉన్నాయి. శవం ఉండదు, సాక్షి ఉండడు, ఆఖరిసారి చూసినవాళ్లు మాత్రం ఉంటారు. ఆ మనిషి ఏం వేసుకున్నాడు, ఎటు వెళ్లాడు, ఎందుకు ఆ దారి పట్టాడు అని తరతరాలు వాదించుకునే ఊరు ఉంటుంది. డిటెక్టివ్ నవలకు కావలసిన సరంజామా అంతా ఇందులోనే ఉంది, ఒక్క నేరస్థుడు తప్ప. ఆర్నల్దుర్ చేసిన పని ఈ జానపద వృత్తాంతాన్ని తెచ్చి పోలీసు నవలలో కూర్చోబెట్టడం. అందుకే ఎర్లెందుర్ హంతకుల్ని పట్టుకోవడం మీద కంటే, ఏళ్లక్రితం మూసేసిన తప్పిపోయినవాళ్ల ఫైళ్లమీద ఎక్కువ ప్రాణం పెడతాడు. ముప్పయ్యేళ్లుగా కొడుకు కోసం ఎదురుచూస్తున్న ముసలి తండ్రి స్టేషనుకు వస్తే, కొత్త సమాచారం ఏమీ లేకపోయినా కూర్చోబెట్టి మాట్లాడతాడు.

చలి గురించి ఒకమాట. ఐస్‌లాండ్ అనగానే గడ్డకట్టిన నరకం ఊహించుకుంటాం. రేక్యావిక్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు అటూఇటూ. మన చింతపల్లి మన్యంలోని లంబసింగిలో కొన్ని చలికాలపు తెల్లవారుజాముల్లో థర్మామీటరు ఆ చుట్టుపక్కలకే వస్తుంది. వెచ్చని సముద్ర ప్రవాహం తగలడంవల్ల ఆ తీరం అంత ఉత్తరాన ఉండి కూడా బతకడానికి వీలుగా ఉంది. భయపెట్టేవి వేరే ఉన్నాయి. ఒకటి గాలి. రెండోది చీకటి, డిసెంబరు నెలాఖరులో రేక్యావిక్‌కు సూర్యుడు కనిపించేది నాలుగు గంటలు. మూడోది, తడి. వానగా మొదలై మంచుగా మారే తుపానులో బట్టలు ముందు తడుస్తాయి, తర్వాత బిగుసుకుపోతాయి. ఆర్నల్దుర్ నవలల్లో మంచు అందంగా కురవడం చాలా అరుదు. ఎక్కువగా వాన, బురద, ఈదురుగాలి. ‘సాగా’లనే ఐస్‌లాండ్ పాత గాథలు రాసినవాళ్లలాగే ఆయనకు వర్ణన మీద మోజు లేదు. తడిసిన కోటు విప్పి కుర్చీమీద వేశాడు అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లిపోతాడు.

చలి మనిషిని ఎలా చంపుతుందో తెలిస్తే ఈ నవలలు ఇంకా బాగా అర్థమవుతాయి. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. లోపలి వేడి 35 కిందికి దిగిందంటే ప్రమాదం మొదలైనట్టే. ముందు విపరీతమైన వణుకు. ఇంకా దిగితే వణుకు ఆగిపోతుంది. ఆ ఆగిపోవడాన్ని ఊరట అనుకుంటే పొరపాటే. మాట ముద్దముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది, ఎటు వెళుతున్నామో తెలియదు. చివరి దశలో కొందరికి ఒళ్లంతా మండిపోతున్నట్టు అనిపించి బట్టలు విప్పేసుకుంటారు. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న చర్మంలోని రక్తనాళాలు పట్టుతప్పి తెరుచుకోవడం దీనికి కారణం కావచ్చని వైద్యులు చెబుతారు. ఇంకొందరు ఏదైనా సందులోకో బండ కిందికో పాక్కుంటూ దూరిపోతారు. ఇప్పుడు మీరు పోలీసు అనుకోండి. బండ కింద, ఒంటిమీద బట్టల్లేని శవం. నేరం జరిగిందనే అనుకుంటారు. ఏ నేరమూ జరిగి ఉండకపోవచ్చు. ఎప్పుడు చనిపోయాడో చెప్పడం కూడా కష్టం, ఎందుకంటే చలి శరీరాన్ని కుళ్లనివ్వదు. అలాగే తిరగేసి ఆలోచించండి. నిజంగానే నేరం చేసినవాడికి ఇంతకంటే మంచి ముసుగు ఎక్కడ దొరుకుతుంది? ఆ రాత్రి తుపాను వచ్చింది, మనిషి ఇంటికి చేరలేదు. అంతే. ఎవరూ ఇంకేమీ అడగరు.

సరిగ్గా ఈ అనుమానం మీద కట్టిన నవల ‘స్ట్రేంజ్ షోర్స్’. ఐస్‌లాండ్‌లో 2010లో వచ్చింది. నాకు ఆర్నల్దుర్ నవలల్లో ఎక్కువ ఇష్టమైనది, ఎక్కువ కోపం తెప్పించినదీ ఇదే.

ముందు చరిత్ర కొంచెం చెప్పాలి. 1940 మే 10న బ్రిటిష్ సేనలు ఐస్‌లాండ్‌లో దిగాయి. జర్మనీ ఆ దీవిని పట్టుకోకముందే తాము పట్టుకోవాలని. దేశం తూర్పు కొసన, సముద్రం కొండల మధ్యకు వేళ్లలాగా చొచ్చుకొచ్చిన ప్రాంతంలో కూడా వాళ్ల దళాలు ఉండేవి. 1942 జనవరి 20న సుమారు 60 మంది సైనికులు రేయ్దార్‌ఫ్యోర్దుర్ అన్న ఊరి నుంచి కొండలమీదుగా పక్కనున్న ఎస్కిఫ్యోర్దుర్‌కు బయల్దేరారు. మెట్టమీద ఉండగా భయంకరమైన తుపాను విరుచుకుపడింది. చీకటి, వరదెత్తిన ఏళ్లు, మంచు. ఆ రాత్రి ఎనిమిది మంది చనిపోయారు. మిగతావాళ్లలో ఎక్కువమంది, 48 మంది, బతికింది వెటుర్‌హూస్ అన్న ఒంటరి పొలంలోని ఒక పేద కుటుంబం వల్ల. ఆ ఇంటి అన్నదమ్ములు చీకట్లోకి వెళ్లి ఒక్కొక్కరినీ వెతికి పట్టి లాక్కొచ్చారు. ఇది జరిగిన కథ.

ఆర్నల్దుర్ ఈ రాత్రిలోకి ఒక కల్పిత స్త్రీని నడిపించాడు. పేరు మాతిల్దుర్. అదే రోజు ఆమె ఎస్కిఫ్యోర్దుర్‌లోని ఇంటి నుంచి రేయ్దార్‌ఫ్యోర్దుర్‌లో ఉన్న తల్లి దగ్గరికి అదే మెట్ట దాటి బయల్దేరిందని భర్త చెప్పాడు. సైనికులు ఎదురు దిక్కున వస్తున్నారు. వాళ్లెవరూ ఆమెను చూడలేదు. ఆమె మళ్లీ కనిపించనే లేదు. తుపాను మింగేసింది అన్నారు ఊళ్లోవాళ్లు. తర్వాత కొన్నేళ్లకు భర్త పడవ ప్రమాదంలో పోతే, ఆమే దయ్యమై తీసుకుపోయిందని కూడా అనుకున్నారు.

అరవయ్యేళ్లు దాటాక, ఎర్లెందుర్ ఆ ప్రాంతానికి వస్తాడు. డ్యూటీ మీద రాలేదు, ఎవరూ కేసు అప్పగించలేదు. తాను చిన్నప్పుడు ఉన్న ఇల్లు ఇప్పుడు కప్పులేని గోడలుగా మిగిలింది. ఆ గోడల మధ్య, ఒక దుప్పటి, ఒక లాంతరుతో మకాం పెడతాడు. మెట్టమీద తిరిగే ఒక నక్కల వేటగాడు పరిచయమై మాటల్లో మాతిల్దుర్ సంగతి చెబుతాడు. ఇక ఎర్లెందుర్ ఆగలేడు. ఆమె చెల్లెలు ఇంకా బతికే ఉంది. భర్తకు స్నేహితుడిగా ఉండిన ఎజ్రా అనే ముసలాయన ఒంటరిగా బతుకుతున్నాడు. వాళ్ల ఇళ్ల తలుపులు తట్టి, కాఫీ తాగి, అడగకూడని ప్రశ్నలు అడగడం మొదలుపెడతాడు.

ఈ నవలలో తుపాకీ పేలుళ్లు, వెంటాడడాలు ఉండవు. విచారించే వ్యక్తులంతా ఎనభై దాటినవాళ్లు. అనుమానితుడు చచ్చిపోయి అర్ధశతాబ్దం దాటింది. నేరం రుజువైనా శిక్ష వేయడానికి ఎవరూ లేరు. మరి పుస్తకం కింద పెట్టలేకపోవడానికి కారణం ఏమిటి? ఎర్లెందుర్‌కు ఈ విషయం తెలిసితీరాలి అన్న మొండితనమే. ఆ మొండితనంలో ఒక క్రూరత్వం కూడా ఉంది, రచయిత దాన్ని దాచడు. ఎజ్రాతో జరిగే సంభాషణలు చదువుతుంటే, ఈ ముసలాయన్ని వదిలెయ్యవయ్యా బాబూ అని ఎర్లెందుర్‌కు చెప్పాలనిపిస్తుంది. దాచుకున్న రహస్యం ఒక్కటే ఆ మనిషికి మిగిలిన ఆస్తి. దాన్ని కూడా బయటికి లాగుతాడు మన కథానాయకుడు. పోలీసు హోదాలో రాలేదు కాబట్టి ఇంకా తప్పు. మామూలు డిటెక్టివ్ నవలలో నిజం బయటపడితే గాలి తేలికవుతుంది. ఇక్కడ చివరి పేజీలు నాకు ఊపిరి ఆడనివ్వలేదు, ఎందుకో చెబితే కథ చెప్పేసినట్టవుతుంది. ఆ నేలలో, ఆ కాలంలో, మనిషిని మనిషి ఏం చేయగలడో అక్కడుంది.

ఎర్లెందుర్ అక్కడికి అసలెందుకు వచ్చాడో కూడా చెప్పాలి. ఇది రహస్యమేమీ కాదు, ‘సైలెన్స్ ఆఫ్ ది గ్రేవ్’ నుంచే పాఠకులకు తెలుసు. అతనికి పదేళ్లప్పుడు, తండ్రి గొర్రెల్ని వెతకడానికి కొడుకులిద్దర్నీ వెంటబెట్టుకుని ఇదే మెట్టమీదికి వెళ్లాడు. తుపాను కమ్ముకుంది. తండ్రి ఎలాగో ఇల్లు చేరాడు. ఎర్లెందుర్‌ను మంచులోంచి తవ్వితీశారు. ఎనిమిదేళ్ల తమ్ముడు బెర్గుర్ దొరకలేదు, ఎప్పటికీ దొరకలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని నడిచింది ఎర్లెందుర్. ఏ క్షణాన ఆ చెయ్యి జారిందో అతనికి తెలియదు. ఏళ్ల తరబడి సెలవు దొరికినప్పుడల్లా తూర్పుకు వెళ్లి ఆ మెట్టంతా కాలినడకన తిరుగుతూనే ఉన్నాడు. నక్కల వేటగాణ్ణి అతను మెల్లిగా ఇంకో ప్రశ్న అడుగుతాడు: నక్కలు తమ బొరియల్లోకి ఏవేవి లాక్కుపోతుంటాయి, ఎప్పుడైనా ఎముకలు కనిపించాయా అని. మాతిల్దుర్ కోసమే అడుగుతున్నాడని వేటగాడు అనుకోవచ్చు. చదివేవాళ్లకు తెలుసు ఇంకెవరి కోసమో.

కింద లోయలో మాత్రం కాలం మారిపోయింది. రేయ్దార్‌ఫ్యోర్దుర్‌లో అమెరికన్ కంపెనీ పెద్ద అల్యూమినియం కర్మాగారం కట్టింది. 2007లో ఉత్పత్తి మొదలైంది. దానికి విద్యుత్తు ఇవ్వడానికి పైన కారాహ్న్యూకర్ దగ్గర ఆనకట్ట కట్టి 690 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం పెట్టారు. దేశమంతా రెండుగా చీలి పోట్లాడుకున్న ప్రాజెక్టు అది. ఎర్లెందుర్‌కు ఆ కర్మాగారం కంటగింపు. రచయితకూ అంతేనని తెలిసిపోతుంది. ఒకటిరెండు చోట్ల ఉపన్యాసంలా ధ్వనిస్తుంది కూడా. నాకు కోపం తెప్పించిన విషయం మాత్రం అది కాదు. అరవయ్యేళ్ల నాటి మాటల్ని, ఎవరు ఏ కుర్చీలో కూర్చుని ఏమన్నారో, ఈ వృద్ధులంతా పొల్లుపోకుండా అప్పజెబుతారు. జ్ఞాపకం అలా పనిచేయదు. జ్ఞాపకం ఎలా దగా చేస్తుందో అంత బాగా తెలిసిన రచయిత, కథ నడవడానికి అవసరమైనప్పుడు ఆ సంగతి మరిచిపోతాడు.

తప్పిపోయినవాళ్ల కథలు ఐస్‌లాండ్‌ను నిజజీవితంలో కూడా వెంటాడాయి. 1974 జనవరిలో గుద్‌ముందుర్ అనే కుర్రాడు మంచురాత్రి ఇంటికి నడిచి వెళుతూ మాయమయ్యాడు. అదే ఏడు నవంబరులో, అతనితో ఏ సంబంధమూ లేని గేర్‌ఫిన్నుర్ అనే వ్యక్తి కెఫ్లావిక్‌లో ఇంట్లోంచి బయటికి వెళ్లి తిరిగి రాలేదు. శవాలు దొరకలేదు. ప్రత్యక్ష సాక్ష్యం లేదు. దేశమంతా జవాబు కావాలని పట్టుబట్టింది. యువతీయువకులు ఆరుగుర్ని పట్టుకుని నెలల తరబడి ఒంటరి గదుల్లో పెట్టారు, ఒకరినైతే 600 రోజులకు పైగా. ఒప్పుకోలు పత్రాలు వచ్చాయి. 1980లో సుప్రీంకోర్టు శిక్షలు ఖాయం చేసింది. 2018లో అదే సుప్రీంకోర్టు ఐదుగుర్ని ఆ హత్యల విషయంలో నిర్దోషులని ప్రకటించింది. అప్పటికి వాళ్లలో ఇద్దరు బతికి లేరు. మాయమైన ఆ ఇద్దరు మనుషులు ఏమయ్యారన్నది ఈనాటికీ తేలలేదు. ఆర్నల్దుర్ తరంవాళ్లు ఈ కేసు వార్తలు చదువుతూ పెరిగారు. జవాబు తెలియాలన్న ఆరాటం పోలీసుల చేతిలో ఎంత దూరం పోతుందో వాళ్లు చూశారు. ఎర్లెందుర్‌లోని ఆ మొండితనాన్ని రచయిత పూర్తిగా మెచ్చుకోకపోవడానికి ఇది కూడా ఒక కారణమని నా ఊహ.

వెతకడం మాత్రం అక్కడ పోలీసుల పని ఒక్కటే కాదు. ఎవరైనా మెట్టమీద చిక్కుకుంటే వెళ్లేది స్వచ్ఛంద రక్షణ దళాలు. 1928లో మొదలైన సంస్థ ఇప్పుడు దేశమంతటా ఉంది. జీతాల్లేవు. బడి పంతులు, మెకానిక్కు, రైతు, ఫోన్ రాగానే పని వదిలేసి వెళతారు. ఖర్చుకు డబ్బెలా అంటారా? కొత్త సంవత్సరం ముందు బాణసంచా అమ్ముతారు. డిసెంబరు 31 రాత్రి రేక్యావిక్ ఆకాశంలో కాలిపోయే డబ్బులో పెద్దభాగం జనవరిలో ఎవరినో మంచులోంచి లాగడానికి పనికొస్తుంది.

మిగతా నవలల గురించి క్లుప్తంగా చెబుతాను. ‘ది డ్రైనింగ్ లేక్’ 2004లో వచ్చింది. 2000 జూన్‌లో వచ్చిన భూకంపాల తర్వాత రేక్యావిక్ దగ్గర క్లేఫార్‌వత్న్ అనే సరస్సు నీళ్లు అడుగున పడిన పగుళ్లలోంచి ఇంకిపోవడం మొదలైంది. ఇది నిజం. ఎండిన అడుగులో ఒక అస్థిపంజరం, దానికి కట్టిన రష్యన్ రేడియో ట్రాన్స్‌మిటర్, ఇది ఆర్నల్దుర్ కల్పన. అక్కణ్ణుంచి కథ 1950లలో తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌కు చదువుకోవడానికి వెళ్లిన కమ్యూనిస్టు విద్యార్థుల దగ్గరికి పోతుంది. పార్టీ మీద నమ్మకంతో ఇల్లూ ఊరూ వదిలి వెళ్లినవాళ్ల కథలు మన తెలుగునాట తెలియనివి కావు గనక, ఈ నవల మనవాళ్లకు దగ్గరగా తగులుతుంది. ‘జార్ సిటీ’ వేరే రకం. అందరూ ఒకరికొకరు ఎక్కడో చుట్టాలైన దీవిలో, తరాల వంశవృక్షాలూ రక్తనమూనాలూ కలిపి పరిశోధన చేసే జన్యు కంపెనీ 1996లో నిజంగానే వచ్చింది. పౌరుల ఆరోగ్య వివరాలన్నీ ఒకేచోట పోగుచేయడానికి 1998లో చట్టం కూడా చేశారు. దానిమీద పెద్ద గొడవ జరిగింది. ఆ గొడవలోంచి పుట్టిన నవల ఇది. దాచిపెట్టిన తండ్రి ఎవరో రక్తం చెప్పేస్తే ఏమవుతుంది అన్నది అందులో ముడి.

‘జార్ సిటీ’ని 2006లో బల్తసార్ కోర్మాకుర్ సినిమాగా తీశాడు. ఆ సినిమాలో ఎర్లెందుర్ బస్‌స్టేషన్‌లోని హోటల్లో కారు దిగకుండానే పార్సిల్ తీసుకునే దృశ్యం ఉంది. ఆ పార్సిల్ గొర్రె తలకాయ. వెంట్రుకలు కాల్చి, నిలువునా రెండుగా కొట్టి, ఉడికించింది. చాకుతో చెంప మాంసం, కన్ను తీసుకుని తింటుంటే పాశ్చాత్య ప్రేక్షకులు మొహాలు పక్కకు తిప్పుకున్నారట. తలకాయ కూర ఇష్టపడే మనవాళ్లకు అందులో విడ్డూరం ఏముంటుంది? ఇందులో మసాలా ఏదీ అని మాత్రం అడుగుతారు.

ఐస్‌లాండ్‌లో పుస్తకాలు ఎక్కువగా క్రిస్మస్ ముందే వస్తాయి. అచ్చయిన కొత్త పుస్తకాల జాబితా ఉచితంగా పంచుతారు. డిసెంబరు 24 రాత్రి ఒకరికొకరు పుస్తకాలు ఇచ్చుకుని, పక్కల్లో దూరి చదువుకుంటారు. యుద్ధకాలంలో మిగతా వస్తువులు కరువై కాగితం దొరకడంతో మొదలైన అలవాటు. ఆర్నల్దుర్ కొత్త నవల ఏళ్లుగా ఆ కట్టల్లో పైన ఉంటోంది. సాహిత్యంలో ఎం.ఎ. కోసం ఆయన నవలల మీద పరిశోధన చేసిన ఒకమ్మాయి తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి 2017లో దేశ ప్రధాని అయింది. పేరు కాత్రిన్ యాకబ్స్‌దొత్తిర్. ప్రధానిగా ఉండగానే, 2022లో రాగ్నార్ యోనసోన్ అనే రచయితతో కలిసి తానూ ఒక అపరాధ పరిశోధక నవల అచ్చువేయించింది. అందులో కథాంశం ఏమిటో ఊహించండి. 1956లో ఒక చిన్న దీవిలో మాయమైపోయిన పదిహేనేళ్ల పిల్ల.

మొదట ఏది చదవాలి అని మీలో ఎవరైనా అడిగితే, ‘స్ట్రేంజ్ షోర్స్’తో మొదలుపెట్టవద్దనే చెబుతాను. ‘సైలెన్స్ ఆఫ్ ది గ్రేవ్’ ముందు చదవండి. తర్వాత ‘హైపోథెర్మియా’. అందులో కేసు ఒక సరస్సు ఒడ్డున వేసవి విడిదిలో జరిగిన ఆత్మహత్య. పోలీసు లెక్కల్లో కేసే కాదు. కానీ తమ్ముడి కథ మొత్తంగా రాతలో కనిపించేది అందులోనే, ఇందాక చెప్పిన మంచుతుపాను వృత్తాంతాల పద్ధతిలోనే రాసి ఉంటుంది. దాన్ని ఎర్లెందుర్ తన కూతురికి చదవమని ఇస్తాడు. ఈ రెండూ అయ్యాక తూర్పుకు వెళ్లండి. ఇంగ్లీషు అనువాదాల్లో మొదటివి బెర్నార్డ్ స్కడర్‌వి, ఆయన 2007లో చనిపోయాక వచ్చినవి విక్టోరియా క్రిబ్‌వి. ఇద్దరివీ హాయిగా సాగుతాయి. మధ్యలో కూతురి మత్తుమందుల గొడవ మళ్లీ మళ్లీ వచ్చి విసుగెత్తిస్తే ఆ పేజీలు గబగబా తిప్పేయండి, నేనైతే తిప్పేశాను.

‘స్ట్రేంజ్ షోర్స్’ ఆఖరి అధ్యాయం చదివాక ఎర్లెందుర్ బతికున్నాడా లేదా అన్నదానిమీద పాఠకులు రెండు పక్షాలయ్యారు. ఆర్నల్దుర్ తర్వాత వెనక్కి వెళ్లి, ఎర్లెందుర్ రేక్యావిక్ వీధుల్లో రాత్రి గస్తీ తిరిగే కుర్ర కానిస్టేబుల్‌గా ఉన్న రోజుల మీద ‘రేక్యావిక్ నైట్స్’ వగైరా నవలలు రాశాడు. ఆ మెట్టమీది రాత్రి తర్వాత ఏం జరిగిందో వాటిలో వెతికితే దొరకదు. ఆఖరి అధ్యాయం ఇంకోసారి చదివి, మీరు ఏ పక్షమో మీరే తేల్చుకోవాలి.